పదిహేడో నంబరు హాజరు

వీడ్కోలు రోజు పొద్దున సుప్రజకు చీర కట్టుకోవడానికి ముప్పావు గంట పట్టింది. చీర కట్టడం రాక కాదు. కుచ్చిళ్ళు పెట్టడం, విప్పడం, మళ్ళీ పెట్టడం. హాస్టల్ గదిలో మిగతా ఆడపిల్లలంతా అవే చీరలు, వంకాయ రంగుకు పసుపు అంచు, చకచకా చుట్టుకుని ఫొటోలు దిగుతుంటే, ఈ పిల్ల మాత్రం కుచ్చిళ్ళు చేతిలో పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడింది. పన్నెండు చీరలూ ఓబులేష్ వాళ్ళమ్మ నేసినవి. ఆ ఆలోచన సుప్రజదే. అందరం ఒకే రంగు కట్టుకుందాం, బజారులో కొనే బదులు మాధవరంలో సుబ్బక్కతో నేయిద్దాం, ఆమెకు చేతినిండా పని ఉంటుంది అంది. ఎంత మంచి మనసే నీది అన్నారు అందరూ. మంచి మనసట! చేసిన పనికి లోపల కుళ్ళిపోతూ, దానిమీద ఈ చీరలు కప్పితే సరిపోతుందనుకుంది, అంతే సంగతి.

ఓబులేష్ ఎవరో, వీళ్ళు చేసిన పనేమిటో ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు.

కడప ఊరి చివర ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీ. పేరెందుకు లెండి. అందులో బీఎస్సీ కెమిస్ట్రీ క్లాసు, ముప్పై రెండు మంది. పదిహేడో నంబరు ఓబులేష్. బక్కపలచటి పిల్లవాడు, సన్నటి గొంతు, ఎవరు పలకరించినా ముందు నవ్వి తర్వాత మాట్లాడేవాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి సుబ్బక్క మాధవరంలో ఇంట్లోనే గుంట మగ్గం మీద నూలు చీరలు నేసి వాణ్ణి అంతదాకా తెచ్చింది. రెండో సంవత్సరం పరీక్షలైన వారానికి, మే నెల గాలివానకు, వాళ్ళ ఇంటి గోడ కూలి మగ్గం మీద పడింది. కొయ్యలు విరిగాయి, గుంట నిండా నీళ్ళు, మగ్గానికి ఎక్కించిన నూలంతా బురద. పదహారేళ్ళప్పటినుంచీ ఖాళీగా కూర్చోని మనిషి ఒక్క వానకు ఖాళీ అయిపోయింది.

జులైలో కాలేజీ తెరిచిన రోజు ఓబులేష్ అందర్నీ క్యాంటీను వెనక్కు పిలిచాడు. మంగంపేట దారిలో ఒక ముగ్గురాయి మిల్లులో పని దొరికిందట. రాయిని పొడి కొట్టి బస్తాలకెత్తే పని. అక్కడే రేకుల షెడ్డులో ఉంటాడట. రెండు నెలలు కష్టపడితే అమ్మకు కొత్త మగ్గం వస్తుంది. అమ్మకు హాస్టల్లో చేరానని చెప్తాడు, చేతికొచ్చింది స్కాలర్‌షిప్పు అంటాడు, ఆదివారాలు ఇంటికి పోయి వస్తాడు. చిక్కల్లా హాజరుతోనే. డెబ్బై ఐదు శాతం లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంటు రాదు, హాల్‌టికెట్టు ఇవ్వరు. అన్నిటికన్నా ముందు, అమ్మకు తెలిసిపోతుంది.

ఎందుకంటే ఆ కాలేజీలో ఒక పద్ధతి ఉంది. పొద్దున పదింటికి పేర్లు పిలుస్తారు. రానివాళ్ళ నంబర్లు ఆఫీసులో గుమాస్తా గిడ్డయ్య కంప్యూటర్లో కొడతాడు. మరుక్షణం ఇంట్లోవాళ్ళ ఫోనుకు మెసేజి పోతుంది, మీ అబ్బాయి ఈ రోజు కాలేజీకి రాలేదు అని. మొదటి ఏడాది ఓబులేష్ ఒక్కరోజు ఎగ్గొట్టి సినిమాకు పోతే, సుబ్బక్క ఫోను మోగింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. పక్కింటి పిల్లతో చదివించుకుని, కొడుకుతో వారం రోజులు మాట్లాడలేదు. అప్పటినుంచి ఆమెకు ఆ ఫోనే ధైర్యం. పదిన్నరకు మోగలేదంటే కొడుకు బెంచీ మీద ఉన్నాడని అర్థం, ఇక నిశ్చింతగా తన పని తను చేసుకునేది.

ఇంతకీ మన మహానుభావులు ఏం చేశారూ? వాడికి హాజరు పలుకుదాం అన్నారు. ఒక్కరు కూడా వద్దనలేదు. పాపం వాడు అమ్మ కోసం పడుతున్న కష్టం, మనం చేసేది రెండు మాటలే కదా అనుకున్నారు. కమలాపురం నుంచి వచ్చే హర్షవర్ధన్‌కు గొంతులు మార్చడం సరదా. వాళ్ళ నాన్నకు అరవై ఎకరాలు, రెండు ట్రాక్టర్లు. కొడుకుకు దేనికీ భయం లేదు. తల కాస్త వంచి, ముక్కుతో సన్నగా "ప్రెజెంట్ సార్" అంటే అచ్చం ఓబులేషే. వినేది తిమ్మయ్య సారు. ఆయన కళ్ళలో శుక్లాలు, జూన్‌లో రిటైరవుతారు. పేర్లన్నీ కంఠతా వచ్చు కాబట్టి కుర్చీలో కళ్ళు మూసుకుని వరసగా పిలిచేవారు. రిజిస్టరు మాత్రం క్లాసు లీడరు చేతిలో ఉండేది. ఆ లీడరు సుప్రజ. కర్నూలు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల, గుండ్రటి చేతిరాత, ఒక్క కొట్టివేత ఉండదు. పదిహేడో నంబరుకు ఎదురుగా హాజరు గుర్తు ఆ చేతిరాతతోనే పడింది, జులై నుంచీ, రోజూ.

అందులో వాళ్ళకు ఎంత గర్వమో చెప్పలేను. మూడేళ్ళలో ఆ క్లాసు కలిసికట్టుగా చేసిన పని అదొక్కటే. ఒకరికొకరు పడనివాళ్ళు కూడా ఆ విషయంలో నోరు మెదపలేదు. పరీక్షలకు ఓబులేష్ వచ్చినప్పుడు వాడి జుట్టులో, కనుబొమల్లో తెల్లటి పొడి ఉండేది. తల నెరిసిందేందప్పా, పెండ్లెట్లా అవుతుంది నీకు అని ఏడిపించేవాళ్ళు. వాడూ నవ్వేవాడు, నవ్వితే దగ్గొచ్చేది. దసరాకు సుబ్బక్క ఇంట్లో కొత్త మగ్గం దిగింది. అక్కడికి ఆపి ఉండాల్సింది. ఆపలేదు. గోడ లేపాలి, పైన రేకులు వేయాలి, ఉగాది దాకా పలకండప్పా అన్నాడు. సరే అన్నారు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, పదింటికి హర్షవర్ధన్ తల వంచి పలికాడు. సుప్రజ రాసింది. పన్నెండు దాటాక కబురొచ్చింది. మిల్లు గేటు బయట, రోడ్డు పక్కన, ఓబులేష్ లారీ కింద పడి పోయాడని. ఎప్పుడు పోయాడో, గేటు లోపల పోయాడో బయట పోయాడో ఎవరికీ తెలియదు. మిల్లువాళ్ళు మాత్రం ఆ పిల్లవాడు ఎవరో మాకు తెలియదు, మా దగ్గర పని చేయడం లేదు, ఎక్కడినుంచో వచ్చి తనంతట తనే లారీకి అడ్డం పడ్డాడు అన్నారు. రెండో రోజు ఎస్సై కాలేజీకి వచ్చి రిజిస్టరు అడిగాడు. మంగళవారం, పదిహేడో నంబరు, హాజరు. నా చెవులతో విన్నాను సార్, ప్రెజెంట్ అన్నాడు అని తిమ్మయ్య సారు కన్నీళ్ళు పెట్టుకుని మరీ చెప్పారు. ఆ పేజీకి నకలు తీసి, కింద సారు సంతకం, పక్కన క్లాసు లీడరు సంతకం పెట్టించుకున్నాడు ఎస్సై. సుప్రజ పెట్టింది.

పదింటికి కడపలో క్లాసులో ఉన్నవాడు పన్నెండుకు డెబ్బై కిలోమీటర్ల అవతల లారీ కింద ఎందుకుంటాడు? ఇంకేముంది, ఊరు తేల్చేసింది. పిల్లవాడు క్లాసులోంచి లేచి నేరుగా చావడానికే పోయాడు. ఎవరో అమ్మాయి కాదందని ఒకరు, పరీక్ష తప్పాడని ఒకరు, ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. సుబ్బక్క ఆ మాటలన్నీ విన్నది. విని, నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? ఆ రోజు ఆమె ఫోను మోగలేదు కదా.

ఎస్సై వచ్చిపోయిన సాయంత్రమే హర్షవర్ధన్ అందర్నీ మళ్ళీ క్యాంటీను వెనక్కు పిలిచాడు. నిజం చెప్తే సారు పింఛను ఆగిపోతుందన్నాడు. మన హాల్‌టికెట్లు పోతాయన్నాడు. అదేమీ అబద్ధం కూడా కాదు. సుప్రజకు హైదరాబాదులో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం ఖాయమైంది, జూన్‌లో చేరాలి, సర్టిఫికెట్ లేకపోతే అదీ పోతుంది. అయినా ఆ పిల్ల ఒక్కతే నసిగింది, వాళ్ళమ్మకన్నా చెప్పాలేమో అని.

"సచ్చినోడు ఎట్లా రాడు సుప్రజా. ఉన్న్యోళ్ళం ఎందుకు సావాల?" అన్నాడు హర్షవర్ధన్. అంతవరకు ఏడ్చినందుకు వాడి కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి.

తేలు కుట్టిన దొంగల్లా ఎవరి దారిన వాళ్ళు పోయారు.

సుప్రజ ఉండబట్టలేక చీరల వంకతో మాధవరం పోయింది. మొదటిసారి పోయినప్పుడు సుబ్బక్క మగ్గం గుంటలో కూర్చుని ఉంది. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది, రంగు అడిగింది, అంచు అడిగింది. గ్లాసు తీసుకుంటూ ఉన్నట్టుండి అంది, "పాపా, ఆ పొద్దు వాడు యాడ కూసున్న్యాడు?"

ఆ క్షణంలో చెప్పి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. నీళ్ళు నమిలి, "ఎప్పుడూ కూసునే బెంచీలోనే అమ్మా" అంది సుప్రజ.

"ఎవురన్నా ఏమన్నా అన్న్యారా వాణ్ణి? నవ్వినారా?"

"లేదమ్మా, ఎవురూ ఏమనలేదు."

సుబ్బక్క పడుగులో తెగిన పోగు ముడేసి, మళ్ళీ నేతలో పడింది. ఆ రెండు నెలల్లో సుప్రజ నాలుగుసార్లు పోయింది. పోయిన ప్రతిసారీ ఆమె అదే అడిగేది, కొంచెం అటూ ఇటూ మార్చి. ఆ పొద్దు వాడు టిఫిన్ తిన్నాడా, ఏ చొక్కా వేసుకున్నాడు, పోయేటప్పుడు ఎవరితోనైనా చెప్పి పోయాడా. సుప్రజ ఒక్కోదానికి ఒక్కో అబద్ధం చెప్పింది. చెప్పీ చెప్పీ చివరికి ఆ మంగళవారం ఓబులేష్ నీలం చొక్కా వేసుకుని మూడో బెంచీలో కూర్చున్నట్టు ఆ పిల్లకే కళ్ళకు కట్టడం మొదలైంది.

సరే, వీడ్కోలు రోజుకు వద్దాం. ఏప్రిల్ ఎండ, పది గంటలకే సెగలు. సెమినార్ హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న పేరేగానీ గాలి లేదు. బెలూన్లు, కేకు, బిర్యానీ పొట్లాలు, కూల్‌డ్రింకులు. గోడకు ఓబులేష్ ఫొటో, బంతిపూల దండ. చీరల తాలూకు మిగిలిన డబ్బు తీసుకోవడానికి సుబ్బక్క వస్తానంటే, ఉండి పొమ్మని క్లాసువాళ్ళే పిలిచారు. ఆమె వచ్చి ముందు వరసలో అంచు కుర్చీలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పన్నెండు మంది పిల్లలు తను నేసిన చీరల్లో తిరుగుతుంటే ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి పైట సర్దింది. సుప్రజ దగ్గరికి వచ్చేసరికి, "కుచ్చిళ్ళు ఎందుకు పాపా ఇట్లా నలిగినాయి" అని వంగి చేత్తో సాపు చేసింది.

ఆ డిపార్టుమెంటులో ఆఖరి రోజు ఆఖరి హాజరు అని ఒక ఆనవాయితీ ఉంది. సారు అందరి పేర్లూ చివరిసారి పిలుస్తారు. పిలిచినప్పుడు లేచి ప్రెజెంట్ అని, మూడేళ్ళలో గుర్తున్న సంగతి ఒకటి చెప్పి కూర్చోవాలి. ఈసారి హర్షవర్ధన్ ఒక ఏర్పాటు చేశాడు. పదిహేడో నంబరు పిలవగానే అందరూ కలిసి ఒక్క గొంతుతో ప్రెజెంట్ అనాలని. వాళ్ళమ్మకు సంతోషంగా ఉంటుందట. చూశారా, ఎంత దాకా వచ్చిందో! చచ్చినవాడికి కూడా హాజరు పలుకుతారు, అదీ తల్లి ముందర.

తిమ్మయ్య సారు కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ఒకటో నంబరు. రెండో నంబరు. ఒకరు మొదటి రోజు భయంతో వేరే క్లాసులో గంటసేపు కూర్చున్న సంగతి చెప్పారు. ఒకరు ల్యాబులో గాజు గొట్టం పగలగొట్టి స్నేహితురాలి మీద తోసిన సంగతి. కాలేజీ ముందు బండి మీద కారం దోశ కోసం రికార్డులు తాకట్టు పెట్టడం, ఉగ్గాని బజ్జీ పొట్లం చివరి బెంచీకి చేరేసరికి కాగితమే మిగలడం, కాపీ కొట్టిన రికార్డులో పక్కవాడి పేరు కూడా కాపీ కొట్టడం. నవ్వులూ ఉన్నాయి, ఏడుపులూ ఉన్నాయి. సుబ్బక్క అందరి మాటలూ శ్రద్ధగా విన్నది. కొడుకు తిరిగిన చోటు కదా, ఎక్కడైనా వాడి పేరు వస్తుందేమోనని చూస్తున్నట్టుంది.

ఆరో నంబరు భూపేష్ లేచాడు. వాడు కడుపులో మాట దాచుకోలేడు, ఆ సంగతి అందరికీ తెలుసు. వాడికి శ్రీశైలం ట్రిప్పు గుర్తొచ్చింది. రెండో సంవత్సరం, డ్యాము చూసుకుని తిరిగి వస్తూ సున్నిపెంటలో టీకి బస్సు ఆపారు. ఎక్కాక సారు చీకట్లో పేర్లు పిలిచారు. ఓబులేష్ ఇంకా టీ కొట్టు దగ్గరే ఉన్నాడు. హర్షవర్ధన్ సరదాకు వాడి గొంతుతో ప్రెజెంట్ సార్ అన్నాడు. బస్సు కదిలిపోయింది. అడవిలో ఎంతో దూరం పోయాక చూస్తే వాడి సీటు ఖాళీ! దోర్నాలలో రెండు గంటలు ఆగితే, కట్టెల లారీ మీద కూర్చుని వచ్చాడు, కోపం లేదు తాపం లేదు, పళ్ళికిలించుకుంటూ. హాలు హాలంతా గొల్లుమంది. చేయెత్తి ఊపుకుంటూ లారీ మీద ఓబులేష్ రావడం అందరికీ కనపడింది.

సుబ్బక్క కూడా నవ్వింది. రెండు నెలల తర్వాత నవ్వింది కాబోలు, పైట నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. పైట తీసి, కూర్చున్న చోటినుంచే, మెల్లగా అడిగింది.

"నాయనా, వాడు లేకున్న్యా ఉన్న్యాడని పలికితే, మీ సారుకు తెల్దా?"

"యెట్లా తెలుస్తాదమ్మా, అచ్చం వాడి గొంతే..." అని భూపేష్ సగంలో నాలుక కరుచుకున్నాడు.

తిమ్మయ్య సారు కళ్ళు తెరిచారు. ఆయనకు ఎదురుగా ఉన్న మనుషులు సరిగ్గా కనపడరు, అయినా హర్షవర్ధన్ కూర్చున్న వైపే చూశారు. భూపేష్ కూర్చున్నాడు. సారు మళ్ళీ కళ్ళు మూసుకోలేదు. ఏడో నంబరు పిలిచారు. ఆ పిల్ల ప్రెజెంట్ అని, ఏ సంగతీ చెప్పకుండా కూర్చుంది. ఎనిమిది, తొమ్మిది, పది, అందరూ అంతే. పదకొండో నంబరు హర్షవర్ధన్ లేచి తన సొంత గొంతుతో ప్రెజెంట్ అన్నాడు. ఆ గొంతు ఎంత గరుకుగా ఉందో అప్పుడే విన్నట్టు సారు తల పక్కకు వంచారు. సుబ్బక్క వీళ్ళెవరినీ చూడటం లేదు. ఆమె సుప్రజను చూస్తోంది. అడగడం లేదు, చూస్తోంది.

సుప్రజ ఒళ్ళో రిజిస్టరు ఉంది. పదహారో నంబరుకు గుర్తు పెట్టింది. చెప్పకపోతే ఈ మనిషి బతికినన్నాళ్ళూ కొడుకు తనను కాదనుకుని చావడానికే పోయాడని అనుకుంటూ మగ్గం తొక్కుతుంది. చెప్తే సారు, ఉద్యోగం, ముప్పై మంది స్నేహితులు, అంతా పోతుంది. ఆ పిల్లకు ఆలోచించుకోవడానికి రెండు నెలలు దొరికాయి. ఇప్పుడు ఒక్క పేరంత టైము కూడా లేదు.

"పదిహేడు. ఓబులేష్" అన్నారు తిమ్మయ్య సారు.

అనుకున్న ప్రకారం అందరూ పలకాలి. నాలుగు గొంతులు లేచాయి, సగంలో చచ్చిపోయాయి.

"ఆబ్సెంట్ సార్" అంది సుప్రజ.

లేచి నిలబడింది. సారును చూడలేదు, సుబ్బక్కనే చూస్తూ చెప్పింది. "ఆ మంగళవారం ఆబ్సెంటమ్మా. జులై నుంచీ ఆబ్సెంటే. వాడు ముగ్గురాయి మిల్లులో పని చేస్తాండె. మేమే పలికినాం. నేనే రాసినా. నీలం చొక్కా, మూడో బెంచీ, అన్నీ అబద్ధమే నేను చెప్పింది."

హర్షవర్ధన్ తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. ఎవరో వెక్కివెక్కి ఏడ్వడం మొదలుపెట్టారు. సుబ్బక్క మాత్రం ఏడవలేదు. సుప్రజనే చూస్తూ అంది, "అయితే వాడు సావనీకి పోలేదు."

"లేదమ్మా. పనికి పోయినాడు."

"ఆ మగ్గం?"

"మిల్లులో సంపాదించి తెచ్చిందే అమ్మా. స్కాలర్‌షిప్పు కాదు."

సుబ్బక్క సుప్రజ కట్టుకున్న చీర వైపు చూసింది. ఆ మగ్గం మీద దిగిన చీర అది. తర్వాత హాలంతా కలయజూసి, అందర్నీ కలిపి అడిగింది, "ఆడ వాడు ఏం తినేటోడు? ఎవురు వండేటోళ్ళు?"

ముప్పై ఒక్క మంది ఉన్నారు అక్కడ. ఎనిమిది నెలలు రోజూ వాడి పేరుకు పలికినవాళ్ళు. ఒక్కరికీ తెలియదు. వాడు షెడ్డులో ఎట్లా పడుకునేవాడో, ఏం తినేవాడో, ఆ దగ్గు ఏమిటో, ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"ఫోను మోగలేదు గదా అని నేను నిమ్మళంగా ఉంటి పాపా" అంది సుబ్బక్క. గొంతులో కోపం కూడా లేదు, అదే తట్టుకోలేకపోయింది సుప్రజ. "ఒక్కసారి మోగింటే, ఆ పొద్దే పొయ్యి జుట్టు పట్టుకోని ఇంటికి లాక్కొస్తా ఉంటి. మగ్గం లేకుంటే కూలికి పోతాం, ఏమవుతాది?"

తిమ్మయ్య సారు లేచి, తడుముకుంటూ వచ్చి సుప్రజ చేతిలోంచి రిజిస్టరు తీసుకున్నారు. హర్షవర్ధన్ అడ్డం వచ్చాడు, జూన్‌లో రిటైర్మెంటు సార్, మీ పింఛను సార్ అని. పాపం, వాడికీ సారు మీద అక్కర ఉంది, కాదనను.

"నా చెవులతో విన్న్యానని ఎస్సైకి చెప్పింది నేనే గదప్పా" అన్నారు సారు. "జరుగు."

ఆఫీసులో గిడ్డయ్య ఒక్కడే ఉన్నాడు. సారు రిజిస్టరు బల్ల మీద పెట్టి, పదిహేడో నంబరు జులై నుంచీ దిద్దాలన్నారు. దిద్దిన ప్రతి రోజుకూ ఇంటికి మెసేజి పోతుంది సార్, అది కంప్యూటరు పంపేది, నేను ఆపలేను అన్నాడు గిడ్డయ్య. పోనీ అన్నారు సారు. ఈ కాగితాలే తీసుకుని పోలీసు స్టేషనుకు పోదాం, ముందు ఇది కానీ అన్నారు. సుప్రజ ఎర్ర పెన్నుతో తన గుండ్రటి చేతిరాతను ఒక్కొక్క తేదీకి కొట్టేసి, పక్కన సంతకం పెడుతూ పోయింది. నూట ఇరవై ఆరు రోజులు. గిడ్డయ్య ఒక్కోటీ కొడుతున్నాడు.

సుబ్బక్క సంచిలో ఫోను మోగింది. ఉలిక్కిపడి తీసి, కాసేపు దాన్ని చేతిలో పట్టుకుని చూసి, సుప్రజకు ఇచ్చింది. "సదువు పాపా."

"మీ అబ్బాయి ఓబులేష్ ఈ రోజు కాలేజీకి రాలేదు" అని తెలుగులో చదివింది సుప్రజ.

సుబ్బక్క తల ఊపింది. ఫోను మళ్ళీ మోగింది. చదివించుకుంది. మళ్ళీ మోగింది. నాలుగోదానికి సుప్రజ ఫోను తిరిగి ఇవ్వబోయింది. అన్నీ ఒకటే అమ్మా, అవే మాటలు అంది.

"ఒకటే అయితే ఏం. నాకు రావాల్సినవే గదా ఇవన్నీ. సదువు."

బయట గ్రూపు ఫొటోకు రమ్మని ఎవరో ఎవరినో పిలిచారు, ఎవరూ పోయినట్టు లేదు. సుబ్బక్క స్టూలు మీద కూర్చుని, వచ్చిన ప్రతి మెసేజికీ తల ఊపుతూ వింటోంది. ఆ మంగళవారం ఇంకా చాలా దూరంలో ఉంది, గిడ్డయ్య ఇంకా ఆగస్టు కూడా దాటలేదు. ఫోను మోగింది, సుప్రజ చదివింది.